120 ఏళ్ల వాన... ఎన్ని సెకన్లలో?

కోట్లాది అంకెల్ని కంప్యూటర్ డిస్కులోంచి ఎంత వేగంగా చదువుతుంది? స్టాప్‌వాచీ నొక్కి చూస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ ఆ వాచీ చూపించిన సమయం దేనికి పట్టిందో తెలుసుకోవడమే అసలు పని. ఎందుకంటే అవే అంకెలు, అదే డిస్కు... ఒకసారి సెకనులో వందో వంతు, మరోసారి మూడు నిమిషాలకు పైన!

అనంతపురంలో ఏ రోజు ఎంత వాన పడింది?

నిన్నో మొన్నో కాదు... 1901 నుంచీ, ప్రతిరోజూ. దేశంలోనే అతి తక్కువ వాన కురిసే ప్రాంతాల్లో అనంతపురం ఒకటి. వేరుసెనగ వేసిన రైతు ఆశంతా ఆ కాసిని చినుకుల మీదే. మరి ఆ చినుకుల తీరు మారుతోందా? రెండు వానల మధ్య ఎడం పెరుగుతోందా? కురవాల్సినదంతా నాలుగు రోజుల్లోనే కురిసి వెళ్లిపోతోందా? తేల్చాలంటే ఎవరి జ్ఞాపకాలో సరిపోవు. లెక్కలు కావాలి.

ఆ లెక్కలున్నాయి. భారత వాతావరణ శాఖకు చెందిన పుణె శాస్త్రవేత్తలు దేశం పటం మీద గళ్లు గీశారు. అడ్డంగా 135, నిలువుగా 129. ఒక్కో గడి వెడల్పు పాతిక కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 1901 నుంచి ప్రతిరోజూ ఒక్కో గడిలో ఎంత వాన పడిందో లెక్కగట్టి పెట్టారు. అంటే రోజుకో పటం. పటానికి 17,415 అంకెలు. 2020 వరకు చూసుకుంటే 120 ఏళ్లు, 43,830 రోజులు. మొత్తం 76 కోట్ల పైచిలుకు అంకెలు! ఒక్కోదానికి నాలుగు బైట్ల చొప్పున డిస్కులో 305 కోట్ల బైట్లు. అంటే మూడు గిగాబైట్లు. ఓ మంచి నాణ్యత ఉన్న సినిమా అంత.

ఓ పరిశోధక విద్యార్థిని ఈ లెక్కల్ని తన కంప్యూటర్లోకి దించుకుందనుకుందాం. ఫైళ్లన్నీ చదివి, అందులోంచి అనంతపురం గడిలోని అంకెల్ని ఏరి ఇచ్చే ప్రోగ్రామ్ రాసింది. నడిపించింది. పదిహేను సెకన్లు పట్టింది. బాగా ఆలోచించి ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు మార్చింది. మళ్లీ నడిపించింది. ఈసారి ఒక్కటంటే ఒక్క సెకను!

‘సార్, పదిహేను రెట్లు వేగం పెరిగింది’ అంది సంబరంగా, గైడు దగ్గరికెళ్లి.

ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘కంప్యూటర్ ఓసారి పూర్తిగా ఆపేసి, మళ్లీ ఆన్ చేసి అప్పుడు చూడమ్మా’ అన్నారు.

చూసింది. మళ్లీ పదిహేను సెకన్లు!

ఆ రెండు లైన్ల వల్ల ఒరిగిందేమీ లేదన్నమాట. మరి మధ్యలో ఆ ఒక్క సెకను ఎక్కణ్నుంచి వచ్చింది?

గ్రామఫోన్ సూది

దానికి సమాధానం తెలియాలంటే ముందు డిస్కు ఎలా పనిచేస్తుందో చూడాలి. పాతకాలం గ్రామఫోన్ రికార్డు గుర్తుందిగా! హార్డ్‌డిస్కూ దాదాపు అలాంటిదే. లోపల పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. మామూలు డిస్కులో నిమిషానికి 7,200 చుట్లు... సెకనుకు 120. పళ్లెం మీదుగా సూదిలాంటి చిన్న తల అటూ ఇటూ కదులుతూ అంకెల్ని చదువుతుంది.

కావాల్సిన అంకె ఎక్కడో దూరంగా ఉందనుకోండి. సూది ముందు అక్కడికి జరగాలి. ఆ తరవాత ఆ చోటు తిరుగుతూ తన కిందికి వచ్చేవరకూ ఆగాలి. ఈ రెండిటికీ కలిపి సగటున సెకనులో వెయ్యో వంతులు పన్నెండు పడతాయి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ లెక్కన సెకనుకు ఎనభై చోట్లకు మించి వెళ్లలేదు. అదే ఒకసారి సరైన చోటుకు చేరాక వరసగా చదువుకుంటూ పొమ్మంటే? సెకనుకు 20 కోట్ల బైట్లు చదివేస్తుంది! పరుగెత్తడం దానికి తేలికే. ఎక్కడి నుంచి పరుగెత్తాలో వెతుక్కోవడమే కష్టం.

ఈ కష్టం ఇప్పటిది కాదు. 1956లో ఐబీఎం తొలి హార్డ్‌డిస్కును తెచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి అందులో. అంతా కలిపితే పట్టేది 50 లక్షల అక్షరాలు. వాటిలో ఎక్కడున్న అక్షరాన్నైనా అందుకోవడానికి సగటున సెకనులో ఆరు పదో వంతులు పట్టేది. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులోనే 20 టెరాబైట్లు దాచుకోవచ్చు. అంటే సామర్థ్యం 40 లక్షల రెట్లకు పైగా పెరిగింది. మరి వెతుక్కునే వేగం? యాభై రెట్లు! గోదాము ఊరంత పెరిగింది. అందులో తిరిగే గుమాస్తా నడక మాత్రం కాస్తే చురుకైంది.

సూదీ పళ్లెమూ లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. కానీ పోలేదు. కంప్యూటర్‌లో ఆ క్షణానికి పని జరిగే చోటు మెమొరీ. అక్కడున్న అంకెను అందుకోవడానికి ప్రాసెసర్‌కు ఒక సెకను పడుతుందనుకుంటే... అదే లెక్కన ఎస్‌ఎస్‌డీ నుంచి తెచ్చుకోవడానికి పదిహేడు నిమిషాలు పడుతుంది. హార్డ్‌డిస్కు నుంచైతే ఒక రోజు దాటిపోతుంది! వంటింట్లో డబ్బాలోంచి చక్కెర తీసుకోవడానికీ, వీధి చివరి కొట్టుకెళ్లి తేవడానికీ, పొరుగూరి సంతకెళ్లి రావడానికీ ఉన్నంత తేడా.

కంప్యూటర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అది ఓ జాగ్రత్త తీసుకుంటుంది. అక్కడే మన విద్యార్థిని బోల్తాపడింది.

మొదటి మాయ: గుర్తుపెట్టుకున్న జవాబు

డిస్కు నుంచి ఒకసారి తెచ్చిన ఫైలును కంప్యూటర్ వెంటనే పారేయదు. మళ్లీ అడుగుతారేమోనని మెమొరీలో ఖాళీ ఉన్నంతమేరా దాచి ఉంచుతుంది. ఈ దాపుడు చోటును ‘క్యాష్’ అంటారు. పలకడం ఒకటే అయినా డబ్బుకీ దీనికీ ఏ సంబంధం లేదు. రెండోసారి అవే ఫైళ్లు అడిగితే డిస్కు ముఖం కూడా చూడకుండా అక్కణ్నుంచే అందించేస్తుంది.

మూడు గిగాబైట్ల వాన లెక్కలు మామూలు కంప్యూటర్ మెమొరీలో హాయిగా పట్టేస్తాయి. కాబట్టి రెండోసారి విద్యార్థిని కొలిచింది డిస్కు వేగాన్నీ కాదు, తన తెలివినీ కాదు. మెమొరీ వేగాన్ని! లెక్కల మాస్టారు నిన్న అడిగిన ప్రశ్నే ఇవాళా అడిగితే పిల్లాడు ఠక్కున చెప్పేస్తాడు. అంతమాత్రాన వాడికి లెక్కలు వచ్చేసినట్టా?

అందుకే ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు కొలిచే ముందు ఆ చోటును ఖాళీ చేస్తారు. లైనక్స్ కంప్యూటర్లలో దానికో ఆదేశం ఉంది. అది వాడే అధికారం లేకపోతే కంప్యూటర్ ఆపి, ఆన్ చేస్తారు. అదీ కుదరకపోతే మెమొరీ కన్నా పెద్దదైన మరో ఫైలును చదివించి పాతవాటిని బయటికి నెట్టేస్తారు.

అలాగని రెండోసారి వచ్చిన ఒక్క సెకను అబద్ధమేమీ కాదు. రోజంతా అవే ఫైళ్లను పదేపదే చదివే పనైతే ఆ అంకే కావాలి. పొద్దున్నే వచ్చి ఒకసారి చదివి వెళ్లిపోయే పనైతే పదిహేను సెకన్ల మాటే నిజం. రెండూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. తప్పల్లా ఒకదాని జవాబును రెండోదాని కింద రాయడమే.

రెండో మాయ: విస్తరి వేస్తే భోజనం అయినట్టా?

ఇంకో చిత్రం చూడండి. వందల గిగాబైట్ల ఫైలు... ఇలా తెరిస్తే అలా తెరుచుకుంటుంది. సెకనులో వెయ్యో వంతులోనే ‘సిద్ధం’ అంటుంది. అంత పెద్ద ఫైలు అంతలో ఎలా వచ్చింది?

రాలేదు! శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే నమ్‌పై లాంటి సాఫ్ట్‌వేర్లలో ఓ సదుపాయం ఉంది. ఫైలు ఎక్కడుందో, ఎన్ని అడ్డు వరసలో, ఎన్ని నిలువు వరసలో... ఆ వివరాలు మాత్రం చూసుకుని ఊరుకుంటుంది. లోపలి అంకెల్ని ముట్టుకోదు. ఫలానా అంకె కావాలి అన్నప్పుడే డిస్కు దగ్గరికి పరిగెడుతుంది. మంచి ఏర్పాటే. అక్కర్లేనివి మోసుకొచ్చే బాధ తప్పుతుంది.

కానీ స్టాప్‌వాచీని ‘తెరుచుకుంది’ అన్న చోట ఆపేస్తే? అది విస్తరి వేసిన సమయం. వడ్డన ఇంకా మొదలవలేదు. అందుకే కొలిచేవాళ్లు చదివిన అంకెలన్నిటినీ ఒకసారి కూడించి చూస్తారు. మొత్తం రావాలంటే ప్రతి అంకెనూ ముట్టుకోక తప్పదు కదా! పైగా ఆ మొత్తం సరిగా ఉందో లేదో చూసుకుంటే చదివినవి అసలైన అంకెలేనన్న నమ్మకమూ దొరుకుతుంది.

మూడో మాయ: తప్పు డిస్కుది కాదు

కొన్నిసార్లు డిస్కు ఎంత వేగంగా అందించినా పని ముందుకు సాగదు. కొత్త డిస్కు కొన్నా అంతే. ఎందుకంటే అంకెల్ని అక్షరాల్లా రాసి ఉంచుతారు. 27.458316 అన్న సంఖ్య మనకు కనిపించినట్టే ఫైల్లోనూ ఉంటే అది తొమ్మిది అక్షరాలు. పక్కన కామాతో పది బైట్లు. కంప్యూటర్ ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని, చుక్క ఎక్కడుందో చూసుకుని, దాన్ని తన భాషలోని సంఖ్యగా మార్చుకోవాలి. కోట్ల సంఖ్యలకు ఇదే పని. డిస్కు ఖాళీగా ఎదురుచూస్తుంటే ప్రాసెసర్ చెమటోడుస్తుంటుంది. అదే సంఖ్యను కంప్యూటర్ భాషలోనే నాలుగు బైట్లలో దాచి ఉంచితే? తేవడం, వాడుకోవడం... అంతే!

తమాషా ఏమిటంటే దీనికి తిరగబడిన పద్ధతీ ఒకటుంది. అంకెల్ని కుదించి దాచడం. విప్పడానికి ప్రాసెసర్‌కు కొంత పని తగులుతుంది నిజమే. కానీ నెమ్మదైన డిస్కు నుంచి తేవాల్సిన బైట్లు తగ్గుతాయి. విప్పే సాఫ్ట్‌వేర్ చురుకైనదైతే మొత్తంమీద సమయం కలిసొస్తుంది. పరుపు, దిండ్లు మోసుకెళ్లేటప్పుడు గట్టిగా చుట్టి తాడు కడతాం చూడండి... అలాగన్నమాట. ఎప్పుడు చుట్టాలో, ఎప్పుడు అక్కర్లేదో మాత్రం కొలిచి చూసుకుంటేనే తెలుస్తుంది.

పాత పేపర్ల కట్ట

ఇప్పటిదాకా చెప్పుకున్నవి కొలతలో దొర్లే పొరపాట్లు. అసలు చిక్కు వేరే ఉంది. అది అంకెల్ని డిస్కులో పేర్చిన తీరు.

ముప్ఫైమూడేళ్ల పాత దినపత్రికలు అటక మీద తేదీల వారీగా కట్టలు కట్టి ఉన్నాయనుకోండి. ఫలానా రోజు పేపరు కావాలంటే నిమిషంలో లాగేయొచ్చు. ఆ రోజు ఊళ్లన్నిటి ఎండా వానా ఒక్కచోటే దొరుకుతాయి. కానీ ‘మా ఊళ్లో ముప్ఫైమూడేళ్లుగా రోజూ ఎంత ఎండ కాసింది?’ అని అడిగితే? పన్నెండు వేల పేపర్లు కిందికి దించాలి. ప్రతిదాన్నీ విప్పాలి. ఒక్కోదాంట్లో ఒక్క అంకె రాసుకోవాలి. కావాల్సింది ఒక నోటు పుస్తకంలో పట్టేన్ని అంకెలే. దానికోసం అటకంతా ఖాళీ చేయాలి!

కంప్యూటర్‌దీ అదే అవస్థ. అంకెల గళ్లు మనకు పటంలా, పెట్టెలా కనిపించినా డిస్కులో అవన్నీ ఒకే పొడవాటి వరస. అనంతపురానికి సంబంధించిన నిన్నటి అంకెకూ నేటి అంకెకూ మధ్య దేశంలోని మిగతా గళ్లన్నీ ఉంటాయి. వాటి మధ్య ఎడం 69,660 బైట్లు. ఆ దూరాన్ని సూది దాటేసి వెళ్లినా, చదువుకుంటూ వెళ్లినా పెద్ద తేడా రాదు. పళ్లెం తిరిగే దాకా ఆగాల్సిందేగా! అందుకే విద్యార్థిని ఫైళ్లన్నీ చదివించడమే నయమైంది. మూడు గిగాబైట్లే కాబట్టి పదిహేను సెకన్లతో పోయింది.

మరి అంతకన్నా పెద్దదైతే?

0.012 సెకన్లు... 200 సెకన్లు!

ఈ ప్రశ్నకు 2013లో రస్ రూ అనే నిపుణుడు స్టాప్‌వాచీతోనే సమాధానం చెప్పాడు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో యూనిడేటా అనే సంస్థ ఉంది. వాతావరణ శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా వాడే నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు పద్ధతి అక్కడే పుట్టింది. దాన్ని తయారుచేసినవాళ్లలో ఆయనొకడు.

ఆయన తీసుకున్నది ఉత్తర అమెరికా వాతావరణ లెక్కల్ని. 349 నిలువు వరసలు, 277 అడ్డు వరసలు ఉన్న పటం. 1979 నుంచి మూడు గంటలకో పటం చొప్పున 98,128 పటాలు. అంటే ముప్ఫైమూడేళ్ల పైచిలుకు. అంతా కలిపితే 948 కోట్ల అంకెలు. దాదాపు 38 గిగాబైట్లు.

వాటిని ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. మొదటిది: ఒక సమయంలో మొత్తం పటం ఎలా ఉంది? రెండోది: ఒకే చోట ముప్ఫైమూడేళ్లుగా ఏం జరిగింది? మొదటిదానికి కావాల్సింది 96,673 అంకెలు. రెండోదానికి 98,128. గమనించారా... రెండిటికీ తేవాల్సిన బరువు ఇంచుమించు ఒకటే. నాలుగు లక్షల బైట్లలోపు!

పటాల వరసలో పేర్చి ఉన్నప్పుడు మొదటి ప్రశ్నకు 0.012 సెకన్లలో జవాబు వచ్చింది. రెండోదానికి? 200 సెకన్లు! మూడు నిమిషాల ఇరవై సెకన్లన్నమాట. దాదాపు పదిహేడు వేల రెట్ల తేడా. సరే అని అంకెల్ని తిరగేసి, ఒక్కో చోటు చరిత్ర అంతా ఒక్కచోట ఉండేలా పేర్చి చూశాడు. అప్పుడు రెండో ప్రశ్నకు 0.013 సెకన్లు చాలాయి. కానీ మొదటిదానికి 180 సెకన్లు పట్టింది. అవే అంకెలు. అదే యంత్రం. మారింది పేర్చిన తీరు ఒక్కటే.

ఒకరికి వరమైంది ఇంకొకరికి శాపం! తుపాను పటం గీసేవాళ్లకు ఒక అమరిక కావాలి. ఒక జిల్లా కరవు చరిత్ర రాసేవాళ్లకు ఇంకొకటి కావాలి. ఇద్దరికీ వేరువేరుగా రెండు కాపీలు పెడదామంటే డిస్కులు రెట్టింపు కొనాలి. మరి దారేది?

మూటలు కట్టారు!

మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదారే. బస్తాలో పోసి ఉంచకుండా మూటలు కట్టడం.

పాత పేపర్ల సంగతే తీసుకుందాం. ఒక్కో పేపర్లోని వాతావరణ పట్టికల్ని కత్తిరించి, ‘అనంతపురం, కడప, కర్నూలు... ఈ మూడు నెలలు’ అంటూ ఒక్కో కవరులో పెట్టామనుకోండి. ఒకరోజు రాష్ట్రమంతా చూడాలన్నా కొన్ని కవర్లు చాలు. ఒక ఊరి చరిత్రంతా చూడాలన్నా కొన్ని కవర్లే. ఎవరికీ రెప్పపాటులో పని అవదు. అలాగని ఎవరూ అటకంతా దించనక్కర్లేదు.

రస్ రూ కూడా 92 పటాల లోతు, 9 వరసల ఎత్తు, 11 వరసల వెడల్పుతో అంకెల్ని మూటలు కట్టాడు. మూటకు 36 కిలోబైట్లు. లెక్క వేసి చూడండి. ఒక పటానికి 992 మూటలు విప్పాలి. ఒకచోటి చరిత్రకు 1,067. దాదాపు సమానం! కొలిస్తే ఒకదానికి 1.7 సెకన్లు, మరోదానికి 2.4 సెకన్లు పట్టాయి. మూటల్ని ఇంకా చిన్నవి చేసి ఎనిమిది కిలోబైట్ల దగ్గరికి తెస్తే 1.1, 1.4 సెకన్లకు దిగాయి.

మొదటివాళ్లకు రెప్పపాటు పోయి సెకను వచ్చింది. కానీ రెండోవాళ్లకు మూడు నిమిషాలు పోయి సెకను మిగిలింది. ఇంతకన్నా మంచి రాజీ ఏముంటుంది!

అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. మూటలు కట్టడం ఒక్కటే చాలదు. సాఫ్ట్‌వేర్ దానంతటది ఎంచుకున్న కొలతతో కట్టినప్పుడు ఒక ప్రశ్నకు 1.4 సెకన్లు పడితే రెండోదానికి 34 సెకన్లు పట్టింది. ఆ మూటల్లో ఒక్కోదాని లోతు 4,673 పటాలు మరి! ఒక్క పటం కోసం అంత లోతున్న మూటలన్నీ విప్పాల్సి వచ్చింది. అంటే ఎవరు ఏం అడుగుతారో ముందే ఆలోచించి, కొలిచి చూసుకుని కట్టాలి. ఊహల మీద కట్టేవి కావవి.

ఎవరికి లాభం?

సెకన్ల కోసం ఇంత గొడవా అనిపించవచ్చు. పెద్ద లెక్కల దగ్గర ఆ సెకన్లే రోజులవుతాయి.

ఐరోపా వాతావరణ కేంద్రం తయారుచేసిన ఎరా5 అనే లెక్కలున్నాయి. ప్రపంచం మొత్తాన్ని 10,38,240 చోట్లుగా విడదీసి 1940 నుంచి గంటగంటకూ వాతావరణం ఎలా ఉందో చెబుతాయవి. ఒక్క ఉష్ణోగ్రతనే తీసుకున్నా, 2019 వరకు 80 ఏళ్లకు 2.9 టెరాబైట్లు. సెకనుకు 20 కోట్ల బైట్లు చదివే డిస్కుకు మొదటి నుంచి చివరిదాకా చదవడానికి నాలుగు గంటలు కావాలి. పటాల వరసలో ఉన్న ఆ లెక్కల్లోంచి విజయవాడ అంకెల్నే ఏరాలంటే 7,01,280 సార్లు దూకాలి. ఒక్కో దూకుడుకు సెకనులో వందో వంతు వేసుకున్నా రెండు గంటల పని. అంతా చేసి తెచ్చేది ఎంత? 28 లక్షల బైట్లు. సెల్‌ఫోన్‌తో తీసిన ఒక ఫొటో అంత!

ఈ లెక్కల మీద ఇప్పుడు పెద్ద పనులే జరుగుతున్నాయి. గూగుల్ డీప్‌మైండ్ శాస్త్రవేత్తలు గ్రాఫ్‌కాస్ట్ అనే కృత్రిమ మేధ నమూనాకు వాతావరణం నేర్పింది ఎరా5లోని 1979-2017 లెక్కలతోనే. 2023లో వాళ్లు ప్రకటించిన ప్రకారం అది పదిరోజుల వాతావరణాన్ని నిమిషంలోపే అంచనా వేస్తుంది. నేర్చేటప్పుడు మాత్రం ఇలాంటి నమూనాలు అవే అంకెల్ని మళ్లీమళ్లీ చదువుతాయి. చిప్‌లు ఎంత ఖరీదైనవైనా డిస్కు నుంచి అంకెలు అందకపోతే ఖాళీగా కూర్చుంటాయి. వంటవాడు ఎంత చెయ్యి తిరిగినవాడైనా సంత నుంచి కూరగాయలు రావాలిగా!

ఇది వాతావరణానికే పరిమితమైన సంగతి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో మలేరియా దోమల జన్యువులను పరిశోధిస్తున్న రోజుల్లో ఆలిస్టర్ మైల్స్‌కు ఇదే సమస్య ఎదురైంది. ఆయన మొదలుపెట్టిన ‘జార్’ అనే పద్ధతిలో ఒక్కో మూటనూ విడివిడిగా దాచవచ్చు. డేటా ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్లలో ఉన్నా సరే, కావాల్సిన మూటల్నే తెప్పించుకోవచ్చు. ఇప్పుడు ఎరా5 లెక్కలు ఆ రూపంలోనూ దొరుకుతున్నాయి. దోమల కోసం కట్టిన మూట మబ్బులకూ పనికొచ్చింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మన మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో చెబుతుంది కదా... సముద్రపు వేడి, అలల ఎత్తు లాంటివన్నీ కూడా ఇలా గళ్లల్లో, గంటల్లో పేరుకునే అంకెలే.

సూపర్ కంప్యూటర్ ఉన్న సంస్థకు మూడు నిమిషాలు ఆగడం, వందల డిస్కులు కొనడం పెద్ద లెక్క కాదు. జిల్లా కేంద్రంలోని కళాశాలలో, మామూలు కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థికి మాత్రం అది పెద్ద గోడ. జవాబు సెకనులో వస్తే పది ప్రశ్నలు అడుగుతారు. మూడు నిమిషాలు పడితే రెండు అడుగుతారు. రెండు గంటలైతే? అసలు అడగడమే మానేస్తారు. అంకెల్ని సరిగా పేర్చడమంటే అలాంటివాళ్లకు ప్రశ్నించే వీలు కల్పించడమే.

కొలిచే ముందు...

* ఏం కొలుస్తున్నారో ముందే రాసి పెట్టుకోవాలి. మొదటిసారి చదవడమా, మళ్లీ మళ్లీ చదవడమా? రెండూ కావాలంటే రెండూ విడివిడిగా రాయాలి.

* మొదటిసారి వేగం తెలియాలంటే ప్రతిసారీ మెమొరీలో దాచిన పాత ఫైళ్లను ఖాళీ చేయాలి.

* ఒక్కసారి కొలిచి వదిలేయకూడదు. అదే సమయంలో కంప్యూటర్ వెనకాల వేరే పనులు చేసుకుంటూ ఉండొచ్చు. అయిదు, పదిసార్లు కొలిచి సమయాల్ని వరసగా రాసి నడిమి అంకెను తీసుకోవడం మేలు.

* అంకెలన్నిటినీ కూడించాలి. అప్పుడే చదవడం పూర్తయినట్టు.

* నిజంగా ఎంత పెద్ద లెక్కలతో పని ఉందో అంత వాటితోనే కొలవాలి. మెమొరీలో పట్టే చిన్న ఫైలు చెప్పే వేగం పెద్దదానికి వర్తించదు.

* డిస్కు ఏ రకం, మెమొరీ ఎంత, ఫైలు ఏ పద్ధతిలో ఉంది... ఇవన్నీ పక్కనే రాయాలి. అవి లేని అంకెతో పోల్చి చూడటానికేమీ ఉండదు.

ఇంతకీ మన విద్యార్థిని ఏం చేస్తుంది? ఆ రెండు లైన్ల సంబరం పోయింది కానీ, సంగతి తెలిసింది. ఇప్పుడు 120 ఏళ్ల వాన లెక్కల్ని ఒక్కసారి చదివిస్తుంది. పదిహేను సెకన్లు ఓపిక పడుతుంది. వాటిని గడుల వారీగా, ఏళ్ల వారీగా మూటలు కట్టి మళ్లీ డిస్కులో దాస్తుంది. ఆ పైన కంప్యూటర్ ఆపి, ఆన్ చేసి, స్టాప్‌వాచీ నొక్కి అడుగుతుంది... అనంతపురం వాన ఏదీ అని.

అనంతపురానికి సంబంధించిన అంకెలన్నీ కలిపితే 1,75,320 బైట్లు. రైతు ఎదురుచూసిన 43,830 రోజులు. ఇట్టే వచ్చేస్తాయి. ఆ తరవాత కడప అడగొచ్చు, కర్నూలు అడగొచ్చు, మహబూబ్‌నగర్ అడగొచ్చు.

ఇక ప్రశ్నలు అడగడమే తరువాయి!